పలక: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు

నిత్యము వాడుకొను వస్తువులను గుఱించి మనము తలపోయుట మిక్కిలి యరుదు. చీకటిలోనైనను చేయి చాచి యుప్పుజాడీని తీసికొందుము గాని, యా జాడీ యే మట్టితో నయ్యెనో, యే యూరినుండి మన వంటయింటికి వచ్చెనో యాలోచింపము. మాటల సంగతియు నంతియే. నోట నానిన మాటకు మూలమేమని యెవరేని యడిగినపుడు గదా, దాని చరిత్రము మనకు తెలియదని తెలియుట! అట్టి మాట యొకటి యీ నడుమ మా యింటి యరుగుమీద చర్చకు వచ్చినది. అది 'పలక' యను మూడక్షరముల మాట. దాని వెంటబడి మేమెంతదూరము పోవలసివచ్చెనో చెప్పుటకే యీ వ్యాసము.

మా కాపురము మార్కాపురమున. పూర్వము కర్నూలు మండలమున నుండిన మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970లో క్రొత్తగా నేర్పడిన ఒంగోలు మండలమున చేరినవి. ఆ మండలమునకే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. నాటినుండి మా ప్రాంతమునకు పశ్చిమప్రకాశ మను వాడుక కలిగినది. ఒకవైపున నల్లమల, వేఱొకవైపున వెలికొండలు, నడుమ గుండ్లకమ్మ. వాన తక్కువ, రాయి యెక్కువ. మార్కాపురమనగానే తెలుగువారిలో నెక్కడివారికైనను రెండు తలంపునకు వచ్చును: ఒకటి చెన్నకేశవస్వామి యాలయము, రెండవది పలకలు. ఎన్నియో తరములుగా తెలుగుబిడ్డలు ఓనమాలు దిద్దిన నల్లని పలకలు పెక్కు మా నేల కడుపున పుట్టినవే.

గడచిన వేసవిలో నొకనాటి సాయంకాలము మా యరుగుమీదికి ఒక యవ్వ వచ్చి కూర్చున్నది. ఆమె మాకు చుట్టము కాదు. మా వీధి చివర నుండును. చిన్నతనమునుండియు పలకల పనిలో నలువదియేండ్లు చేతులరుగదీసికొన్న మనిషి. ఇప్పుడు పని మానుకొని మనుమరాలి నాడించుచుండును. ఆనాడు మా యింట చిన్నదానికి క్రొత్తపలక తెచ్చియుంటిమి. అవ్వ దానిని చేతికి తీసికొని, చట్రమును రెండువ్రేళ్ళ కొనలతో పట్టి, వంచిన వ్రేలితో రాతిమీద టక్కున గొట్టి, చెవి యొగ్గి వినెను. విని పెదవి విఱిచెను.

“ఇది మంచిరాయి గాదమ్మా. పలకడంలే.”

“పలకకపోవుటేమి అవ్వా?” అంటిమి.

“పగులున్న రాయి బొద్దుగా మోగుతాది. మంచిరాయి కంచు మాదిరి పలుకుతాది. పలికేది గాబట్టే గదమ్మా దాన్ని పలక అనేది!”

మాకు నవ్వు వచ్చినది. చిన్ననాట మా తండ్రిగారియొద్ద అమరమును, బాలవ్యాకరణమును చదివినవారము గదా, ఆ గర్వము పూర్తిగా పోలేదు. “కాదవ్వా, అది సంస్కృతములోని ఫలకమను మాటనుండి వచ్చినది. పలుకునకును, పలకకును సంబంధము లేదు” అని చెప్పితిమి. అవ్వ యేమియు ననలేదు. పలకను మెల్లగా నేలమీద పెట్టి, “అట్నా అమ్మా! నలభై యేండ్లు చీలిస్తిని, దాని పేరే నాకు తెలీకపాయె” అనెను.

ఆ మాట మా మనస్సున ముల్లువలె నాటుకొన్నది. మేము చెప్పినది తప్పు కాదు. కాని, చెప్పిన తీరు సరికాదు. అంతేగాక, మాకు తెలిసినదియు నెంత? ఫలకమన్న పేరు తెలియును గాని, ఆ ఫలకమునకు మూలమేమో తెలియదు. తెలియనిదానిని తెలిసికొనినగాని యామె మొగము చూడరాదనిపించినది.

మొదట మన యింటి సంగతి చూతము. మన వైయాకరణులు తెలుగు మాటలను తత్సమములు, తద్భవములు, దేశ్యములు అని విభజించిరి. 1858లో వెలువడిన చిన్నయసూరిగారి బాలవ్యాకరణము మొదలుగా బడులలో చెప్పుచు వచ్చినది యిదియే. సంస్కృతపదము తన రూపమునే యుంచుకొని, చివర తెలుగు ప్రత్యయము చేర్చుకొన్నచో తత్సమము. రూపము మార్చుకొన్నచో తద్భవము. 'ఫలకము' తత్సమము. ఒత్తు పోయి, ముకారము జాఱి 'పలక' యైనది తద్భవము. ఇవి రెండును ఒక తల్లి బిడ్డలే గాని బ్రతుకులు వేఱు. ఒకటి శిలాఫలకమై, నామఫలకమై సభలలో ఆవిష్కరణములు జరిపించుకొనుచున్నది. రెండవది బిడ్డల సంచులలో నుండి ఉమ్మితో తుడిపించుకొనుచున్నది.

తెలుగున పలక కర్థములు పెక్కు. వ్రాసికొను రాతిపలక యొకటి. నాలుగు పలకల స్తంభము, ఎనిమిది పలకల స్తంభమనునపుడు పలక యనగా చదునైన ముఖము. పలకసరు లనునపుడు బిళ్ళలు గ్రుచ్చిన కంఠాభరణము. ఊరిలో దండోరాకును, జాతరకును మ్రోగు డప్పునకును పలక యనియే పేరు. అమరకోశమున క్షత్రియవర్గమునందు ఫలకశబ్దము డాలునకు పర్యాయపదముగా నున్నది. రాయి, రత్నము, తోలు, డాలు: వీనికన్నిటికి సామాన్యమైన గుణమొక్కటే. అన్నియు చదునుగా, పలుచగా నుండును.

ఇక నిరుగుపొరుగు భాషలను చూడుడు. అరవమున 'పలగై' అని పలుకుదురు. అర్థము కొయ్యపలక, బల్ల. బడిలోని నల్లబల్లకు 'కరుంబలగై' యని పేరు. మధురలోని సంగప్పలగై కథ వారికి మిక్కిలి ప్రీతిపాత్రము. శివుడు ప్రసాదించిన యా పలక యోగ్యులైన కవులకు మాత్రమే చోటిచ్చి, తగనివారిని త్రోసివేయునట. మలయాళమున 'పలక' యని యచ్చముగా మన రూపమే. కాని అర్థము కొయ్యపలక. భోజనమునకు, పూజకు కూర్చుండు పీటకు వారు 'ఆవణప్పలక' యందురు. కన్నడమున 'హలగె'. అదియు కొయ్యబల్లయే, మనవలెనే డప్పునకును అదే పేరు. కన్నడమున మాటల మొదటి పకారము కాలక్రమమున హకారమైనదని యెఱిగినవారికి ఈ రూపము వింత గాదు. మన పాలు వారికి హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లె హళ్ళి. పూర్వకన్నడమున నిదియు 'పలగె'యే.

గమనించితిరా! పొరుగు భాషలన్నిట నీ మాట ప్రధానముగా కొయ్యకు పేరు. మనము మాత్రము కొయ్యకు బల్ల యను మాట నుంచుకొని, పలకను రాతికి అప్పగించితిమి. నేడు తెలుగున పలక యన్నంతనే కన్నులయెదుట కొయ్యబల్ల మెదలదు. నల్లరాతి పలకయే మెదలును. మా కొండలరాయి యీ యర్థమునకు బలము చేకూర్చియుండునని మా యూరివారముగా మేము గర్వపడినచో తప్పుగా నెంచకుడు.

ఇక ఫలకమునకు మూలమేమి? పాణినీయ ధాతుపాఠమున 'ఫల్' అను ధాతువునకు పగులుట, విచ్చుట యని యర్థము చెప్పిరి. పండి పగులునది ఫలము. నేలను చీల్చునది ఫాలము, అనగా నాగటికఱ్ఱు. చీల్చగా వచ్చినది ఫలకము. దుంగను చీల్చినగాని బల్ల రాదు గదా! పేరులోనే పని యున్నది.

ఇక్కడితో మేము తృప్తి పడియుందుము. కాని మా యింటివారు బడినుండి తెచ్చిన యొక భాషాశాస్త్రగ్రంథము మమ్ము సముద్రములు దాటించినది. సంస్కృతమును, గ్రీకు లాటిను భాషలును ఏదో యొక్క మూలభాషనుండి పుట్టియుండవలెనని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు దొర చెప్పెను. ఆంగ్లము, జర్మను, డచ్చి, స్వీడిషు మొదలగునవి యాకుటుంబములోనే జర్మానిక శాఖ యనబడు మఱియొక కొమ్మ. మన తెలుగు, అరవము, కన్నడము, మలయాళము ఆ కుటుంబమునకు చెందక వేఱొక కుటుంబముగా నున్నవని 1816లో చెన్నపట్టణమున ఎల్లిసు దొర నిరూపించెను. 1856లో కాల్డ్వెల్లుగారు దానిని విస్తరించి ద్రావిడభాషల వ్యాకరణము వ్రాసిరి. కావున మన 'పలుకు' ఈ యింట పుట్టిన యాడుబిడ్డ. 'పలక' వేఱింటినుండి వచ్చిన కోడలు. వచ్చి యెన్ని యుగములైనదో గాని, నేడు కోడలెవరో ఆడుబిడ్డ యెవరో గుర్తింపలేకున్నాము. మంచి కాపురమునకు లక్షణమిదే గదా!

ఆ కోడలి పుట్టింటివా రెక్కడెక్కడ నున్నారో చూతము. 'ఫల్' ధాతువునకు జ్ఞాతులైన మాటలు జర్మానిక భాషలలో నున్నవని పలువురు శబ్దశాస్త్రజ్ఞులు చెప్పుదురు. జర్మనులో 'స్పాల్టెన్' అనగా చీల్చుట. పూర్వము ఐస్లాండు, నార్వే దేశములవారు వాడిన భాషలో 'స్ప్యాల్డ్' అనగా పలక. వీనికన్న ప్రాచీనమైనది గోతుల భాష. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున వుల్ఫిలా యను మతాచార్యుడు బైబిలును గోతుల భాషలోనికి మార్చెను. అందు వ్రాసికొను పలకకు 'స్పిల్డ' యను మాట వాడబడినది. ఫలకము, స్పిల్డ! వేయిక్రోసుల దూరమున, వేఱువేఱు లిపులలో, ఒకే పనికి ఒకే ధాతువు.

ఇక్కడ నొక సందేహము రావచ్చును. జర్మానిక భాషలలో పకారము ఫకారముగా మాఱునందురే, మఱి స్పిల్డలో పకారమట్లే యేల నిలిచినది? ఆ మార్పును 1822లో సూత్రీకరించినవాడు యాకోబు గ్రిమ్ము. మన పిల్లలకు మనము చెప్పు విదేశపు కథలు పెక్కింటిని సేకరించిన సోదరులలో నగ్రజుడు. మన పితృశబ్దము ఆంగ్లమున ఫాదరు, పాదము ఫుట్టు, పంచ ఫైవు. కన్నడమున పకారము హకారమైనట్లే అక్కడ ఫకార మయ్యెను. కాని పకారమునకు ముందు సకార మున్నచో నది మాఱదు. సకారము దానికి కావలి కాచును. అందుచేతనే స్పిల్డలోను, స్పాల్టెనులోను పకారము చెక్కుచెదరక నిలిచినది. భాషలయందు మార్పులు మన మనుకొనునట్లు పిచ్చిపిచ్చిగా జరుగవు. వంటయింటి కొలతలవలె వానికొక క్రమము కలదు.

ఆంగ్లమున మన పలకరాతికి 'స్లేటు' అని పేరు గదా. అది ప్రాచీన ఫ్రెంచిభాషలోని 'చీలిక, పెచ్చు' అను నర్థము గల మాటనుండి వచ్చినది. దానికిని మూలము చీల్చుట యను నర్థము గల జర్మానికధాతువే యందురు. జర్మనులో నీరాతికి 'షీఫర్' అని పేరు. దానికి పూర్వార్థము రాతిపెచ్చు, తునక. ఆంగ్లమున తునకలకు 'షివర్' అను పాతమాట దీనికి జ్ఞాతియే. ఎవరిని జూచినను ఈ రాతికి రంగునుబట్టి గాని, బరువునుబట్టి గాని పేరు పెట్టలేదు. చీలు గుణమును జూచియే పెట్టిరి. పండితులు పెట్టిన పేర్లు కావివి. ఉలి పట్టినవారు పెట్టినవి.

ఏలయన నీ రాతికి ప్రాణము దాని చీలికయందే యున్నది. నూఱు కోట్ల యేండ్లకు పూర్వమెప్పుడో నీటియడుగున పేరుకొన్న మెత్తని బురద, పైబరువుచేతను, భూమి ముడుతలు పడునప్పటి యొత్తిడిచేతను గట్టిపడి రాయియైనది. ఆ యొత్తిడికి బురదలోని సన్నని రేకులవంటి రేణువులన్నియు నొకవైపునకు తిరిగి, పుస్తకములోని పుటలవలె నొకదానిపై నొకటి సర్దుకొన్నవి. కావున నులితో తట్టిన నే దిక్కున బడితే ఆ దిక్కున పగులక, రేకురేకుగా విడిపోవును. గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతముల నీరాతిపొరలకు భూగర్భశాస్త్రజ్ఞులు కంభమను నూరిపేరే పెట్టిరి. కంభము చెఱువును చూచినవారు పెక్కండ్రుందురు గాని, ఆ యూరిపేరు నూఱు కోట్ల యేండ్ల రాతికి పెట్టబడినదని యెఱిగినవారు కొందఱే.

గనిలోనుండి దిమ్మగా తీసిన రాతిని ఉలి, సుత్తి పట్టి రేకులుగా చీల్చి, చతురస్రముగా కోసి, నున్నగా రుద్ది, కొయ్యచట్రము బిగించిన పలక యగును. చెప్పుట కొకవాక్యము. చేయుట కొక జీవితము. అవ్వ చేతులను చూచినపుడు మాకిది తెలిసినది. వ్రేళ్ళకొనలు నునుపై, ముద్ర వేయుటకు గీతలు గూడ సరిగా మిగులలేదు. చదువురాని మనుష్యునకు వేలిముద్రయే గదా దస్తూరి! పలకల పని యామెకు అక్షర మీయలేదు సరిగదా, వేలిముద్రను గూడ నరుగదీసినది.

ఇక్కడ బౌద్ధజాతక కథ యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. కటాహకుడను దాసీపుత్రుడు కాశిలో నొక శ్రేష్ఠి యింట, శ్రేష్ఠికుమారుడు పుట్టిననాడే పుట్టినాడు. దొరబిడ్డ వ్రాత నేర్చుకొనుటకు పోవునపుడు వానిపలకను మోసికొని వీడు వెంటబోవుచు, విని విని తానును వ్రాయ నేర్చుకొన్నాడు. పాళీభాషలో నా పలకకు పేరు ఫలకమే. లలితవిస్తరమున బాలసిద్ధార్థుడు చందనపు లిపిఫలకమును చేత బట్టి గురువునొద్దకు పోయి, అఱువదినాలుగు లిపుల పేర్లు చెప్పి, వీనిలో దేనిని నాకు నేర్పెదవని యడిగినాడు. రాజకుమారుడు చందనపుపలక పట్టుట వింతగాదు. పలకను మోసిన దాసునకు అక్షరము లబ్బుటయే వింత.

మా ప్రాంతమున చిరకాలము జరిగిన దేమనగా, పలకను మోసినవారికే కాక చీల్చినవారికిని అక్షరము లబ్బలేదు. పెద్దలతోబాటు బిడ్డలును ఆ పనిలోనే యుండిరి. 1986లో బాలకార్మిక నిషేధచట్టము వచ్చినది. 1988లో కేంద్రప్రభుత్వము జాతీయ బాలకార్మిక పథకమును మొదలుపెట్టినపుడు, తొలుత నెన్నుకొన్న తావులలో మార్కాపురపు పలకల పరిశ్రమయు నొకటి. పనినుండి విడిపించిన బిడ్డలకై ప్రత్యేకపాఠశాలలు తెఱచిరి. 2021లో నా పథకమును సమగ్రశిక్షలో కలిపిరి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు ప్రతిబిడ్డకును బడి హక్కైనది. దేశమున స్త్రీలలో చదువను వ్రాయను నేర్చినవారు 1951లో నూటికి 9 మంది. 2011 నాటికి 65 మంది. పెరుగుదల గొప్పదే. కాని మిగిలిన ముప్పదియైదుగురిలో మా యవ్వవంటివా రెందఱు!

మఱియొక బాధయు నున్నది. రాతిని కోయునపుడు, రుద్దునపుడు లేచు సన్ననిదుమ్ములో సిలికా యుండును. అది యూపిరితిత్తులలో చేరి గూడు కట్టుకొన్న మరల వెలికి రాదు. మధ్యప్రదేశమున మంద్‌సౌరు ప్రాంతమున పలకపుల్లలు చేయు పనివారిని 1980 దశకమున వైద్యులు పరీక్షింపగా, సగమునకు మించినవారిలో నాదుమ్ము తెచ్చు సిలికోసిస్ రోగము కనబడినది. పలకపుల్లల తయారీని బాలకార్మికులకు నిషేధించిన పనుల జాబితాలో చేర్చుట కిట్టి కారణము లున్నవి. తడిపి కోయుట, ముక్కునకు తగిన మూత గట్టుట, గాలి యాడు చోట పని చేయుట: ఈ మూడును నియమముగా పాటింపబడవలసినవి. బిడ్డల చేతి పలకయందు పెద్దల యూపిరియు కొంత చేరియున్నదని మనము మఱువరాదు.

కాలము మాఱినది. రేకుపలకలు, ప్లాస్టిక్కు పలకలు వచ్చి రాతిపలకల గిరాకి తగ్గినది. మా రాయి యిప్పుడు గోడలకు తాపడముగా, నేలకు పఱపుగా, ఇంటికప్పునకు పెంకుగా దూరదేశములకు పోవుచున్నది. పట్టణపు బిడ్డలచేత 'టాబ్లెట్' అను మెఱుపుపలక యున్నది. ఆ మాటకైన నర్థమేమి? లాటినుభాషలోని బల్ల యను మాటనుండి వచ్చిన యది చిన్నబల్ల యనియే చెప్పుచున్నది. ఐస్లాండువారు మఱింత ముచ్చటగా, తమ పాత 'స్ప్యాల్డ్' శబ్దమునకు గణకయంత్ర మను నర్థమిచ్చు 'తోల్వ'ను చేర్చి 'స్ప్యాల్డ్‌తోల్వ' యని పిలుచుచున్నారు. అనగా పలకయంత్రము! రాయి పోయినను పలక పోలేదు.

ఇవన్నియు కూర్చుకొని మేము మరల నవ్వను పిలిచితిమి. ఉలి పట్టినవారే పేరు పెట్టిరని, ఆమె నలువదియేండ్లు చేసినపనికే సంస్కృతముననేమి, దూరదేశపు గోతుల భాషయందేమి యీ పేరు వచ్చినదని చెప్పితిమి. అవ్వ సంతోషించినది. అపుడు వుల్ఫిలా గ్రంథమున స్పిల్డశబ్దము వచ్చిన ఘట్టమును చెప్పితిమి. జకర్యా యను వృద్ధుడు దైవవశమున మూగవాడయ్యెను. వృద్ధాప్యమున నతనికి కొడుకు పుట్టినాడు. పేరేమి పెట్టుదమని బంధువులడుగగా, నోరు రాని యాతండు పలక తెమ్మని సైగచేసి, బిడ్డపేరు దానిమీద వ్రాసి చూపినాడు. వెంటనే మాట వచ్చినది.

అవ్వ మా మొగము చూచి నవ్వినది. “చూస్తివా అమ్మా! నోరులేనోడి చేత పలికించింది. పలికేదే పలక అని నేను సెప్తే నవ్వితివి.”

మేము సిగ్గుపడితిమి. వ్యాకరణముచేత నామె మాట తప్పు. పలుకునకును పలకకును ధాతువు వేఱు, వంశము వేఱు. కాని పలక చేయు పని యేమని యడిగినచో, ఆమె చెప్పినదే సరి. మాటకు పుట్టుక యొకటి, బ్రతుకు వేఱొకటి. పుట్టుకను పుస్తకములు చెప్పును. బ్రతుకును వాడుకొన్నవారు చెప్పుదురు. రెండును వినినగాని యే మాటయు పూర్తిగా తెలియదు.

ఆనాడే, “మఱి నీవు పలికించెదవా అవ్వా?” అని యడిగితిమి. “నాకెందుకులే అమ్మా, మా నుదుట రాసిందింతే” అనెను. మన కావ్యములలో నుదుటిని ఫాలఫలకమందురు. బ్రహ్మ వ్రాసిన పలక యది. దానిని తుడుచుట మనవలన గాదందురు. కాని చేతిలోని పలక యట్టిది గాదు. తడిగుడ్డతో తుడిచిన వ్రాసినదంతయు పోవును; మరల వ్రాసికొనవచ్చును. తప్పు వ్రాసినందుకు పలక కోపగింపదు. ఈ మాట చెప్పగా నవ్వ చాలసేపు మాటాడలేదు. మఱునాడు సాయంకాలము తన పాతసామానులోనుండి తానే చీల్చిన యొక పలకను తీసి, చెఱగుతో తుడుచుకొనుచు వచ్చినది. చట్రము లేదు. కొట్టి చూపినది, కంచువలె మ్రోగినది.

ఆమె పేరున నాలుగే యక్షరములు. ఉలి పట్టిన చేతికి బలపము తేలికయై జాఱిపోవుచుండెడిది. మూడు వారములకు మొదటి యక్షరము నిలిచినది. దసరానాటికి నాలుగును నిలిచినవి. మొన్న పింఛను సొమ్మునకై బ్యాంకికి పోయినపుడు, అలవాటుచొప్పున నక్కడివారు సిరాదిమ్మ ముందునకు జరిపిరట. అవ్వ దానిని ప్రక్కకు త్రోసి కలము నడిగినదట. వ్రాత వంకరగా వచ్చినది గాని, చెల్లినది.

సోదరీమణులారా! మన యిండ్లలో అటుకలమీద నెక్కడనో పాతపలక యొకటి యుండకపోదు. దానిని దింపి దుమ్ము దులుపుడు. వంటకు సాయము చేయు నామెయో, చాకలియామెయో, ఇరుగింటి ముసలియామెయో వేలిముద్ర వేయువా రొకరు మనకందఱికిని తెలిసియేయుందురు. దినమునకు పావుగంట చాలును. అక్షరమాల యంతయు మొదట నక్కఱలేదు, వారిపేరుతో నారంభింపుడు. పేరు వ్రాయ నేర్చినవారు తక్కినది తామే యడుగుదురు. మా యవ్వ యిప్పుడు మనుమరాలి పేరు నేర్పుమని యడుగుచున్నది.